చిన్న బండి ఎప్పుడిస్తరు సారూ

కారు నేర్పేవాడికి భయం ఉండదని జనం అనుకుంటారు. నాకు ఉండేది. ఆబిడ్స్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో మాస్టరుగా చేరిన రోజు నుంచి, చూపు మందగించి ఆ పని మానుకున్న రోజు దాకా, పక్క సీట్లో కూర్చున్న ప్రతి ఉదయమూ ఆ భయం ఉండేది. ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్ళు ఒకరిద్దరు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "నేర్చుకునేవాళ్ళను ఎప్పుడు వదలాలి సార్?" అని అడుగుతుంటారు. ఇదీ అని చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. ఒక నర్సమ్మ సంగతి మాత్రం ఉంది. అది చెప్పాలంటే, ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

అరవైల నడిమి మాట. మా స్కూలంటే పెద్ద హంగేమీ లేదు. సందులో ఒక రేకుల షెడ్డు, గోడకు రోడ్డు గుర్తులు గీసిన బోర్డు, రెండు కార్లు. అందులో ఒకటి పెద్ద బండి. ఎవరో దొరలు వాడి వదిలేసిన పాత విదేశీ కారు. క్లచ్చి ఎంత మొరటుగా వదిలినా ఒకసారి మూలిగి కదిలేదే తప్ప ఎగిరేది కాదు. స్టీరింగు సగం చుట్టు తిప్పితే గానీ ముందు చక్రాలకు కబురు అందేది కాదు. అన్నిటికన్నా ముఖ్యం, నేను కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉండేవి. కింద ఇనుప కడ్డీలు వాటిని అసలు పెడళ్ళతో కలిపేవి. నేర్చుకునేవాడు ఏం పొరపాటు చేసినా నా కాలు సర్దుకునేది.

రెండోది చిన్న బండి. తేలికది, చురుకైనది. కాలు కొంచెం బరువైతే ముందుకు దూకేది, చెయ్యి కొంచెం తడబడితే పక్కకు తిరిగేది. అందులో నా కాళ్ళ దగ్గర రబ్బరు చాప తప్ప ఇంకేమీ లేదు.

బయట రోడ్ల మీద జనం నడిపేవి ఎక్కువగా అలాంటి బండ్లే. కాబట్టి ప్రతి ఒక్కరినీ ఏదో ఒక రోజు పెద్దదాంట్లోంచి దింపి చిన్నదాంట్లో ఎక్కించాలి. ఆ రోజు ఏదో తేల్చడమే మా పనిలో అసలు పని. గేర్లు మార్చడం ఎవరైనా నేర్పుతారు.

నాకు పని నేర్పిన పెద్ద మాస్టరు ఒకాయన ఉండేవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. నవాబుల ఇళ్ళలో కార్లు నడిపి నడిపి నెరిసిపోయిన మనిషి. ఉర్దూ ఎంత బాగా మాట్లాడేవాడో, తెలుగూ అంత ధారాళంగా మాట్లాడేవాడు. నేను చేరిన కొత్తలో ఆయన చెప్పింది ఇదీ:

"తొందరపడి చిన్న బండి ఇస్తే మనిషి పోతడు. మస్తు ఆలస్యం జేస్తే మనిషిల ఉన్న డ్రైవర్ పోతడు. రెండూ ఖూనీలే బేటా."

"మరి ఎట్లా తెలుస్తుంది ఉస్తాద్?"

"నడుపుకుంట ఇంటి ముచ్చట చెప్తున్నడా చూడు. నోరు బందై చేతులు బిగుసుకుంటే ఇంక టైం ఉన్నదన్నట్టు. ఎదురుంగ టాంగా వస్తున్నదనుకో. గుర్రం చెవులు నీకంటె ముందు వాడు చూసిండా? చూస్తే ఇయ్యి. లేకపోతే జర సబర్ జెయ్యి."

విన్నాను. విన్నంత మాత్రాన ఒంటబట్టదు.

రాష్ట్రం కలిసిన తర్వాత గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన ఒక యువకుడు నా దగ్గర చేరాడు. సర్కారు ఆఫీసులో గుమాస్తా, కాచిగూడలో ఒక లాడ్జిలో ఉండేవాడు. హుషారైన మనిషి. స్టీరింగు పట్టుకున్న రెండో రోజే కూనిరాగం తీశాడు. గేర్లు వెన్నలా పడేవి. "మీలాంటి మాస్టరు దొరకడం నా అదృష్టమండీ," అనేవాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మిగతా స్కూళ్ళవాళ్ళు నెల తీసుకునే పని నేను పన్నెండు రోజుల్లో చేసి చూపిస్తానని లోపల ఒక పొంగు. ఉస్తాద్ ఆ వారం సెలవులో ఉన్నాడు. పదమూడో రోజు ఉదయం చిన్న బండి తాళం అతని చేతిలో పెట్టాను.

నేను చూడని సంగతి ఒకటుంది. ఆ పన్నెండు రోజులూ బ్రేకు వేసింది సగం నేనే. ఎడ్లబండి వెనకకు చేరినప్పుడు, పోలీసు చెయ్యి ఎత్తినప్పుడు, అతను ఒక్క క్షణం ఆలస్యం చేసినా నా కాలు దానంతటది కిందికి పోయేది. మెల్లగా, అతనికి తెలియకుండా. నిజం చెప్పాలంటే నాకూ తెలియకుండా.

నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద, పొద్దున్నే, జామకాయల గంప నెత్తిన పెట్టుకొని ఒక ముసలామె పక్కనుంచి రోడ్డు మీదికి దిగింది. దూరం చాలినంత ఉంది. అతను ఉలిక్కిపడి కాలు నొక్కాడు. ఆ కాలు బ్రేకు మీద లేదు. బండి ముందుకు దూకింది. నేను రబ్బరు చాపను తొక్కాను. మళ్ళీ ఇంకా గట్టిగా తొక్కాను. అక్కడేమీ లేదని తెలిసి కూడా మూడోసారి తొక్కాను. అప్పటికి జామకాయలు రోడ్డంతా దొర్లుతున్నాయి.

ముసలామె ప్రాణం దక్కింది. కాలు రెండు చోట్ల విరిగింది. నెలల తరబడి దవాఖానలో ఉండి, ఆ తర్వాత కర్ర పట్టుకొని నడిచింది. పోలీసులు అడిగితే, "బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కాడు," అని చెప్పాను. అది నిజమే. అతని కాలికి బ్రేకు అలవాటు కాకుండా చేసిన కాలు ఎవరిదో మాత్రం చెప్పలేదు. పోలీస్ స్టేషన్ బయట ఆ యువకుడు, "తప్పంతా నాదేనండీ, మీకు చెడ్డపేరు తెచ్చాను, క్షమించండి," అన్నాడు.

నేను తల ఊపాను. అంతే. ఈనాటికీ ఆ తల ఊపడమే నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఆ తర్వాత రెండేళ్ళు నేను మాస్టరుగా ఉన్నానో, పెద్ద బండికి ఒక అదనపు భాగంగా ఉన్నానో చెప్పలేను. ఎవరికీ చిన్న బండి ఇచ్చేవాణ్ణి కాదు. "ఇంకో వారం కానివ్వండి," అనేవాణ్ణి. ఆ వారం అయ్యాక ఇంకో వారం. ఒక పెద్దమనిషి యాభై రోజులు నాతో తిరిగి తిరిగి విసిగిపోయి సైకిల్ కొనుక్కున్నాడు. ఆయన సైకిల్ మీద మా షెడ్డు ముందు నుంచి గంట కొట్టుకుంటూ పోతుంటే ఉస్తాద్ నా వైపు చూసి మీసంలో నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఇక నర్సమ్మ.

ఎండలు ముదరక ముందే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, పొట్టి మనిషి, కళ్ళద్దాలు. మెదక్ అవతల ఒక మిషన్ దవాఖానలో నర్సు. చుట్టుపక్కల పల్లెలకు కాన్పులకు పోవడం ఆమె పని. అక్కడి డ్రైవరు పని వదిలి వెళ్ళిపోయాడట. కిందటి వానాకాలం ఒక తల్లిని ఎడ్లబండి మీద దవాఖానకు తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఈసారి మిషన్ వాళ్ళకు కొత్తగా ఒక చిన్న వ్యాను వచ్చింది. నడిపేవాళ్ళు దొరకలేదు. "నేనే నేర్చుకుంట," అని చెప్పి ఆమె సెలవు పెట్టి వచ్చి, ఆబిడ్స్ చర్చి ఆవరణలో తెలిసినవాళ్ళ దగ్గర దిగింది. వ్యాను కూడా ఆ ఆవరణలోనే ఒక రేకుల పందిరి కింద ఉంది.

మొదటి రోజే అడిగింది. "వానలు పడక ముందు నేను పోవాలె. చిన్న బండి ఎప్పుడిస్తరు సారూ?"

"చూద్దాం నర్సమ్మా," అన్నాను.

ఆమెకు కూనిరాగాలు లేవు. ప్రతిదీ మూడుసార్లు అడిగేది. క్లచ్చి వదిలేటప్పుడు పెదవులు కదిపేది. ప్రార్థనేమో అనుకున్నాను; ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటున్నదని తర్వాత తెలిసింది. కానీ నేర్చింది మర్చిపోయేది కాదు. ముప్ఫై రోజులు కాకముందే పెద్ద బండిలోనే పరీక్షకు తీసుకుపోతే, పాసై లైసెన్సు తెచ్చుకుంది. లైసెన్సు వచ్చిన మర్నాడు మళ్ళీ అడిగింది.

"కాగితం వచ్చింది గద సారూ. ఇంక ఇస్తరా?"

"ఇంకో వారం."

"పోయిన వారం గూడ గిట్లనే అన్నరు."

ఉస్తాద్ షెడ్డు గుమ్మంలో కూర్చొని వింటున్నాడు. ఆమె వెళ్ళాక నన్ను పిలిచాడు. "ఆమెకు ఏం రాదు, చెప్పు?"

ఆలోచించాను. చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు.

"మరి ఏంది నీ ఫికర్? నువ్వు పక్కన గూసుండి నీ కాలుతోని నడిపిస్తున్నవ్. ఆమెకొస్తదో రాదో నీకెట్ల తెలుస్తది? నీ కాలుకొస్తదని తెలుస్తది గంతే."

కోపం వచ్చింది. సరైన మాటకు వచ్చే కోపం అది. లేచి వెళ్ళిపోయాను.

నలభయ్యో రోజో, ఒకటి అటూ ఇటో. ఎప్పటిలాగే ఆరున్నరకు బయల్దేరాం. నాంపల్లి, పబ్లిక్ గార్డెన్స్, లకడీకాపూల్ మీదుగా పోయి, నౌబత్ పహాడ్ పక్కన వాలు దిగి మళ్ళీ ఆబిడ్స్ చేరాలి. వాలు మొదట్లో మా ముందు ఒక బస్సు ఉంది. అది నెమ్మదించింది. నా కాలు అలవాటు కొద్దీ కిందికి పోయింది.

పెడలు నేల దాకా దిగిపోయింది. ఏమీ పట్టుకోలేదు. నేల దాకా దిగి అక్కడే పడి ఉంది.

అడుగున కడ్డీని పట్టి ఉంచే పిన్ను ఊడిందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే. నాకు బ్రేకు లేదు. ఆమెకు ఉందో లేదో తెలియదు. వాలు మీద ఉన్నాం. ముందు బస్సు, దాని వెనక మెట్టు మీద ఇద్దరు మనుషులు వేలాడుతున్నారు. అరవబోయాను. అరిస్తే ఆమె బెదురుతుంది, బెదిరితే కాలు ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు? అరవకపోతే? కళ్ళు మూసుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ మూసుకున్నాను.

బండి నెమ్మదించింది. మెత్తగా, కుదుపు లేకుండా. కళ్ళు తెరిచేసరికి బస్సుకూ మాకూ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత చోటుంది. నర్సమ్మ పెదవులు కదుపుతోంది.

వాలు దిగాక, ఫతే మైదాన్ దగ్గర పక్కకు ఆపమని చెప్పవచ్చు. చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. భయంతో నోరు రాలేదా, లేక ఏం జరుగుతుందో చూడాలన్న ఆశతో ఊరుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేదు. ఈ పని చేస్తున్నవాళ్ళు అలా చేయకండి. అక్కడి నుంచి ఆబిడ్స్ చౌరస్తా దాకా ఆమె ఆరుసార్లు ఆపింది. ప్రతిసారీ నా కాలు చచ్చిన పెడలును తొక్కుతూనే ఉంది, ప్రతిసారీ బండి ఆమె మాటకే ఆగింది. ఒకచోట ఒక టాంగా సందులోంచి వస్తుంటే, నాకు గుర్రం కనబడక ముందే ఆమె వేగం తగ్గించింది.

షెడ్డు ముందు ఆపి, ఇంజన్ కట్టేసి, చెమట తుడుచుకొని నవ్వింది.

"సారూ, ఇయ్యాల బండి నా మాట ఇన్నది. రోజూ నేను తొక్కకముందే ఆగేది. ఇయ్యాల నేను ఎంత తొక్కితే అంతే ఆగింది. గిట్లెందుకైంది?"

దిగి షెడ్డు గోడకు ఆనుకొని నిలబడ్డాను. అబద్ధం చెప్పవచ్చు. ఒకసారి తల ఊపి చూశాను కదా, దాని రుచి తెలుసు. పిన్ను ఊడిన సంగతి చెప్పాను. నలభై రోజులుగా నా కాలు చేస్తున్న పని చెప్పాను. ఆ గుమాస్తా సంగతి, జామకాయల ముసలామె సంగతి కూడా చెప్పాను.

ఆమె మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "అంటే నలభై దినాలు నేను నడపలేదా?"

"ఇవాళ నడిపారు నర్సమ్మా. మొత్తం మీరే."

"నాకు తెల్వకుండ నడిపిన. తెలిస్తే నడుపుతనో లేదో." చేతులవైపు చూసుకుంది. "ఆ పిలగానికి గీ ముచ్చట చెప్పిన్రా?"

"లేదు."

"ఎన్నేండ్లయింది?"

"రెండు."

కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకొని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నా భయం ఆమెకు అంటించేశానని అర్థమైంది. ఆకాశం వంక చూస్తే అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి.

ఆమె రాని రెండో రోజు సాయంత్రం కాచిగూడ పోయాను. లాడ్జి మెట్లు ఎక్కుతుంటే రెండుసార్లు వెనక్కి తిరగాలనిపించింది. గుమాస్తా ఇంకా ఆ గదిలోనే ఉంటున్నాడు. చిక్కిపోయాడు. తలుపు సగం తెరిచి నిలబడి విన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"రోడ్డు దాటాలంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయండీ," అన్నాడు చివరికి. "ఆఫీసుకు ఇరుకు సందుల్లోంచి నడిచిపోతాను. నా చేతులు ఇక దేనికీ పనికిరావనుకున్నాను. రెండేళ్ళు. మీరిప్పుడొచ్చి చెబుతున్నారు."

"అవును. ఇప్పుడొచ్చాను."

నన్ను తిడితే బాగుండేది. అతను తిట్టలేదు. తలుపు మెల్లగా మూశాడు. గొళ్ళెం వేసిన చప్పుడు కూడా మెల్లగానే వినబడింది. ఆ తర్వాత అతన్ని మళ్ళీ చూడలేదు. క్షమించాడో లేదో నాకు తెలియదు. నిజం చెబితే మనసు తేలికపడుతుందని అంటారు. నాకైతే కాచిగూడ నుంచి నడిచి వస్తున్నంతసేపూ కాళ్ళు బరువుగానే ఉన్నాయి.

మూడో రోజు పొద్దున షెడ్డుకు పోయేసరికి నర్సమ్మ ఉస్తాద్ ఎదురుగా స్టూలు మీద కూర్చొని ఉంది. ఉస్తాద్ ఆమెకు చాయ్ తెప్పించాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నన్ను చూసి లేచింది.

"పోయిన్రా ఆ పిలగాని దగ్గరికి?"

"పోయాను."

"ఏమన్నడు?"

చెప్పాను. "సరే. చర్చి కాడికి పోదాం పాండ్రి. మా వ్యాను తీద్దాం."

"భయం లేదా మీకు?"

"ఔ, ఉన్నది. రెండు దినాల్సంది అన్నం పోతలేదు. మొదటి కాన్పు జేసిననాడు గూడ గిట్లనే ఉండె. భయం పోయినంక చేద్దామంటే ఆ తల్లి ఆగుతదా?"

వ్యాను మా చిన్న బండికన్నా చురుకైంది. చర్చి ఆవరణలోనే మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. నాలుగోసారి గేటు దాటింది. నా పక్కన బ్రేకు లేదు. రెండు పాదాలు సీటు కిందికి మడిచి, చేతులతో మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నాను. ఆబిడ్స్‌లో దుకాణాలు ఇంకా తెరవలేదు. ఊడ్చేవాళ్ళు, పేపర్లవాళ్ళు, ఖాళీ రిక్షాలు. ప్రతి రిక్షా మా మీదికే వస్తున్నట్టుంది. ఆమె మాట్లాడటం లేదు. ఉస్తాద్ లెక్క ప్రకారం ఇది మంచి గుర్తు కాదు.

స్టేషన్ రోడ్డు మీదికి తిరిగాం. ఆ జాగా దగ్గరపడుతుంటే నాకు ఊపిరి ఆడలేదు. పోస్టర్లంటించిన గోడ, దాని పక్కన చెప్పులు కుట్టేవాడి గొడుగు, రెండేళ్ళుగా నేను అటు చూడకుండా పోయే చోటు. సరిగ్గా దానికి పది గజాల ముందు, పాల క్యాన్లు కట్టుకున్న సైకిల్ ఒకటి మా ముందు జారిపడింది. మనిషి, సైకిలు, క్యాన్లు, అన్నీ రోడ్డు మీద.

వ్యాను ఆగింది. ఒక్క కుదుపుతో, ఇంజన్ కూడా ఆగిపోయింది. నా నుదురు అద్దానికి కొట్టుకుంది. పాలవాడు లేచి మమ్మల్నీ, మా వ్యానునూ, ఆడవాళ్ళకు బండ్లు ఇచ్చిన లోకాన్నీ కలిపి తిట్టి, క్యాన్లు ఎత్తుకొని వెళ్ళిపోయాడు. పాలు మా చక్రాల కిందికి పారుతున్నాయి.

నర్సమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకొని ఆ పాలవైపే చూస్తోంది.

"చాలు నర్సమ్మా. ఇవాళ్టికి చాలు. వెనక్కి పోదాం."

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. "సారూ, మీరు దిగుండ్రి."

"ఏమిటి?"

"దిగుండ్రి జర. మీరు ఊపిరి బిగబడ్తే నా చెవులకు ఇనబడుతున్నది. నా భయం నాకు చాలు సారూ. మీది గూడ మోయలేను."

లైసెన్సు ఉంది, బండి ఆమెవాళ్ళది. నేను దిగకపోవడానికి కారణం లేదు, నేనే తప్ప. దిగాను. "స్టేషన్ దగ్గర కుడికి తిరిగి, పబ్లిక్ గార్డెన్స్ దాకా పోయి రండి. ఇక్కడే ఉంటా," అన్నాను. వ్యాను ఒకసారి ఎగిరి, సర్దుకొని, రిక్షాల మధ్యకు పోయి కనబడకుండా పోయింది.

పది నిమిషాల పని. పదిహేనయింది. ఇరవై అయింది. స్టేషన్ వైపే చూస్తూ నిలబడ్డాను. రైలు దిగిన జనం పెట్టెలతో, పరుపుచుట్టలతో రోడ్డంతా నిండారు. అరగంట దాటింది. దూరంగా ఎవరో గట్టిగా అరిచారు, జనం గుమికూడారు. పరుగెత్తాను. ముప్ఫై నాలుగేళ్ళ మనిషిని, పంచె ఎగగట్టి నాంపల్లి నడిరోడ్డు మీద పరుగెత్తాను. చూస్తే తోపుడుబండి మీదినుంచి ఉల్లిగడ్డల బస్తా పడి పగిలింది. అందరూ ఏరుకుంటున్నారు. నేనూ ఒకటి రెండు ఏరి ఇచ్చాను, ఏం చేస్తున్నానో తెలియకుండా. ఆ ముసలామెకూ జామకాయలు ఎవరైనా ఏరి ఇచ్చారా అన్న ప్రశ్న మొదటిసారి అప్పుడు తట్టింది. వెనక్కి వచ్చి పోస్టర్ల గోడ పక్కనే నిలబడ్డాను.

వెనకనుంచి హారన్ మోగింది. తిరిగి చూస్తే వ్యాను. స్టేషన్ వైపు నుంచి కాదు, మొజంజాహీ మార్కెట్ వైపు నుంచి వస్తోంది. నా పక్కన ఆగింది. కుదుపు లేదు.

"ఎక్కడికి పోయారు నర్సమ్మా!" అరిచినట్టే అడిగాను.

"కుడికి తిరిగెటందుకు ధైర్యం రాలే సారూ. ఎదురుంగ బస్సులొస్తున్నయి. ఎడమకు తిరిగిన. మళ్ళ ఎడమకు. గట్ల ఎడమకే తిరుక్కుంట తిరుక్కుంట గోషామహల్ పోయిన, అఫ్జల్‌గంజ్ పోయిన. ఎడ్లబండ్లు, లారీలు, హమాలీలు... యేసయ్యా, ఎంత జనం!" రొప్పుతోంది. మొహం ఎర్రబడింది. "ఎవ్వరికీ తాకలే."

"సరే. నేనెక్కుతా. కుడికి తిరిగేది నేను చూపిస్తా," అని తలుపు మీద చెయ్యి వేశాను.

"ఒద్దు," అంది. "ఆడ నిలబడి చూడుండ్రి. తప్పయితే చెప్పుండ్రి."

మళ్ళీ పోయింది. స్టేషన్ ముందు కూడలి నాకు కనబడుతూనే ఉంది. వ్యాను రోడ్డు నడుమకు జరిగి ఆగింది. ఎదురుగా రెండంతస్తుల బస్సు వస్తోంది. కిటికీలోంచి ఆమె కుడిచెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాకా కాదు, భుజం దాకా, నిటారుగా. బస్సు రావడం ఆగలేదు. ఆ చెయ్యి కిందికి దిగలేదు. నేను గోడ పట్టుకున్నాను. బస్సు డ్రైవరు చూశాడు, నెమ్మదించాడు, ఆపాడు. రెండంతస్తుల జనమంతా చూస్తుండగా ఆ చిన్న వ్యాను మెల్లగా కుడికి తిరిగింది.

తొమ్మిది నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఏ తప్పూ చెప్పడానికి నాకు దొరకలేదు.

మరో వారం ప్రతి ఉదయమూ ఆమె ఒక్కతే నడిపింది. నేను ఏదో ఒక కూడలిలో నిలబడి చూశాను. ఎనిమిదో రోజు మెదక్ బయల్దేరింది. దారికి ఎవరినైనా తోడు తీసుకుపొమ్మంటే వినలేదు. మంచిగా చేరానని కబురు వచ్చేదాకా నేను సరిగ్గా తిండి తినలేదు. ఉస్తాద్ నన్ను చూసి, "ఈ భయం పోదు బేటా, పోవద్దు గూడ. నీ కాలు మీదికి మాత్రం రానియ్యకు," అన్నాడు. ఆ తర్వాత నా చేతి కింద నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరికి తొందరగా ఇచ్చాను, కొందరికి ఆలస్యంగా. తప్పులు రెండు వైపులా చేశాను. ఎవరినైనా చిన్న బండి ఎక్కించే ముందు ఒక ఉదయమంతా పెద్ద బండి వెనక సీట్లో కూర్చునే అలవాటు చేసుకున్నాను. పనికొస్తుందనుకుంటే మీరూ అలా చేసి చూడండి. చెమటలు పడతాయి, ముందే చెబుతున్నాను.

వానాకాలం నడుమ ఆమె దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గుండ్రటి అక్షరాలు. వ్యాను రెండుసార్లు బురదలో దిగబడ్డదట. ఒకసారి గేదెను తప్పించబోయి కంచెలోకి పోయిందట. చివర్లో ఇలా రాసింది: "నిన్న ఒక తల్లిని తెస్తుంటే దవాఖాన ఇంకా రెండు మైళ్ళుండగానే నొప్పులు ఎక్కువైనయి. చెరువుకట్ట ఎక్కే వాలు మీద బండి ఆపిన. జారలేదు. వెనకకు పోయి పురుడు పోసిన. ఆడపిల్ల. తర్వాత మళ్ళ ముందు సీట్ల కూసోని, ఇద్దర్నీ తీసుకొని మెల్లగ కట్ట ఎక్కిన సారూ."